ఒహైయో హైవే పట్రోల్ డిస్పాచ్ స్కానర్‌లో వినాలంటే: కొనేముందు నుంచి ట్యూనింగ్ దాకా

కొలంబస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మంచు కురిసిన ప్రతి సాయంత్రం ఒకటే గోల: ఐ-71 మీద బండ్లన్నీ ఆగిపోయాయి, ఏమైందో ఎవరికైనా తెలుసా అని. మ్యాప్‌లో ఎర్రగీత కనిపిస్తుంది, కారణం కనిపించదు. ఆ కారణం రేడియోలో పోలీసు బండ్లని పంపించే హైవే పట్రోల్ డిస్పాచర్ నోటి వెంట అరగంట ముందే వచ్చి ఉంటుంది. అది వినడానికే ఈ స్కానర్ అనే రేడియో డబ్బా పిచ్చి. ఒహైయోలో స్టేట్ పోలీస్ అనే పేరుతో వేరే దళం లేదు, ఆ పని చేసేది స్టేట్ హైవే పట్రోలే, కాబట్టి ఇక్కడ రాసేదంతా వాళ్ల డిస్పాచ్ గురించే. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు పేర్లు మార్చుకుని చదువుకోండి, పద్ధతి దాదాపు ఇదే.

నేను మొదట చేసిన తప్పు చెప్పేస్తాను. వంద డాలర్లకి దొరికిందని ఒక అనలాగ్ స్కానర్ కొన్నాను. ఇంటర్నెట్‌లో కనపడిన ఫ్రీక్వెన్సీలన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటే కొట్టాను. సాయంత్రానికి వినిపించింది గర్ర్‌మనే శబ్దం, మధ్యలో వాతావరణ శాఖ గొంతు, అంతే. స్కానర్ తప్పేం లేదు, అది చేయగలిగింది అది చేసింది. నాకే అసలు సంగతి తెలియలేదు: ఇప్పుడు హైవే పట్రోల్‌కి తమదంటూ ఒక ఫ్రీక్వెన్సీ ఉండదు.

ముందు బస్టాండు సంగతి

విజయవాడ నెహ్రూ బస్టాండులో ప్లాట్‌ఫాంల పైన ఊళ్ల పేర్లు రాసి ఉంటాయి కదా. పాత పోలీసు రేడియో అలాగే ఉండేది, ఒక జిల్లాకి ఒక ఫ్రీక్వెన్సీ, అక్కడ నిలబడితే ఆ బస్సే వస్తుంది. ఇప్పుడు ఆ బోర్డులన్నీ పీకేశారనుకోండి. బస్సు వచ్చేసరికి ఏ ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంటే అక్కడ పెడతారు, మైకులో చెబుతారు: గుంటూరు బస్సు ఏడులో ఉంది, ఏలూరు బస్సు మూడులో ఉంది. ఇంకో పది నిమిషాలకి గుంటూరు బస్సు మూడులోకి వస్తుంది. మీరు ఏడో ప్లాట్‌ఫాంలోనే కూర్చుంటే గుంటూరు వెళ్లలేరు, మైకు వింటూ పరిగెత్తాలి.

ట్రంకింగ్ అంటే ఇదే. మైకు కంట్రోల్ ఛానెల్. ప్లాట్‌ఫాంలు ఫ్రీక్వెన్సీలు. గుంటూరు, ఏలూరు అనే పేర్లు టాక్‌గ్రూపులు, ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. ట్రంకింగ్ స్కానర్ కంట్రోల్ ఛానెల్ వింటూ, మీకు కావలసిన టాక్‌గ్రూప్ పేరు వినపడగానే ఆ ఫ్రీక్వెన్సీకి దూకుతుంది. అందుకే మనం స్కానర్‌కి చెప్పాల్సింది రెండే విషయాలు: ఏ టవర్ మైకు వినాలి, ఏ గ్రూపు కోసం చెవి పెట్టాలి. మిగతా ప్రోగ్రామింగ్ అంతా ఈ రెండింటి చుట్టూ తిరిగే తతంగమే.

ఒహైయోలో ఈ బస్టాండు పేరు మార్క్స్. కారల్ మార్క్స్ కాదు, పిల్లల పరీక్షల మార్కులూ కాదు, మల్టీ ఏజెన్సీ రేడియో కమ్యూనికేషన్ సిస్టమ్. రాష్ట్ర ప్రభుత్వ అడ్మినిస్ట్రేటివ్ సర్వీసెస్ శాఖ నడుపుతుంది. 1990 జూన్ 14 రాత్రి షేడీసైడ్ దగ్గర వాగులు పొంగి 26 మంది చనిపోయారు, సాయానికి వెళ్లిన శాఖల రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోయాయి. అందరికీ ఒకే వ్యవస్థ ఉండాలన్న ఆలోచన అలాంటి అనుభవాల నుంచి వచ్చింది. ఇప్పుడది పీ25 అనే డిజిటల్ పద్ధతిలో, 700, 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో నడుస్తోంది. హైవే పట్రోలే కాదు, చాలా కౌంటీల షెరిఫ్‌లు, ఫైర్ డిపార్ట్‌మెంట్లు కూడా దీని మీదే ఉన్నాయి. నా అనలాగ్ స్కానర్ ఎందుకు మూగబోయిందో ఇప్పుడు అర్థమైందిగా.

పర్సు తీసేముందు

రేడియోరిఫరెన్స్ అనే వెబ్‌సైట్ డేటాబేస్‌లో ఒహైయో పేజీ తెరిచి, రాష్ట్రవ్యాప్త సిస్టమ్‌ల కింద మార్క్స్‌లోకి వెళ్లండి. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ రెండు పట్టికలు ఉంటాయి, ఒకటి సైట్‌లది, అంటే టవర్లది, ఇంకోటి టాక్‌గ్రూపులది. హైవే పట్రోల్ విభాగంలో మీ కౌంటీ పోస్టు, అంటే పట్రోల్ ఠాణా, ఎక్కడుందో వెతికి, దాని వరుసలో మోడ్ అనే గడి చూడండి. ఒక్క డీ ఉంటే మామూలు డిజిటల్. టీ ఉంటే ఫేజ్ 2, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు సంభాషణలు వంతులవారీగా వెళ్తాయి. ఆ అక్షరం పక్కన స్మాల్ లెటర్‌లో ఈ ఉంటే అప్పుడప్పుడు ఎన్‌క్రిప్షన్ (మాటలకి తాళం వేసి పంపడం) వాడతారని, క్యాపిటల్ ఈ ఉంటే ఎప్పుడూ ఎన్‌క్రిప్షనే అని.

క్యాపిటల్ ఈ కనిపిస్తే ఆశ వదిలేసుకోండి. ఏడు వందల డాలర్ల స్కానర్ కొన్నా, యాంటెన్నా ఇంటికప్పు మీద కట్టినా, బస్సు వచ్చిందని తెలుస్తుంది కానీ అద్దాలకి నల్ల తెరలు. దాన్ని విప్పే స్కానర్ మార్కెట్లో లేదు, విప్పాలని చూడటం నేరం కూడా. ఏ పోస్టు ఎప్పుడు ఎన్‌క్రిప్షన్‌లోకి వెళ్తుందో ఎవరూ చాటింపు వేయరు కాబట్టి కొనే వారంలోనే ఈ పట్టిక చూడాలి, రెండేళ్ల కిందటి యూట్యూబ్ వీడియో నమ్మొద్దు. మీ నగర పోలీసుల సంగతి కూడా వేరే చూసుకోవాలి, వాళ్లు మార్క్స్ మీద ఉండాలని రూలేం లేదు.

సైట్‌ల పట్టికలో ఇంకో ముఖ్యమైన మాట ఉంటుంది: సైమల్‌కాస్ట్. మీ కౌంటీ సైట్ పేరులో ఆ మాట ఉందో లేదో కాగితం మీద రాసుకోండి. మీరు ఏ స్కానర్ కొనాలో తేల్చేది అదే.

ఏ స్కానర్

సైమల్‌కాస్ట్ అంటే కౌంటీలో నాలుగైదు టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటని ఒకేసారి పంపడం. బస్టాండులో నాలుగు మూలల్లో నాలుగు మైకులు ఉండి, మధ్యలో నిలబడితే ఒక్క ముక్కా అర్థం కాదే, అదే బాధ ఇక్కడా. ఒక్కో టవర్ దూరం వేరు కాబట్టి సిగ్నల్ వెంట్రుకవాసి తేడాతో వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతుంది. పోలీసుల రేడియోలు దీన్ని తట్టుకునేలా తయారవుతాయి. పాత తరం డిజిటల్ స్కానర్లు తట్టుకోలేవు, సిగ్నల్ గీతలు నిండుగా చూపిస్తూనే మాటలు ముక్కలుముక్కలుగా, నీళ్లలో మునిగి మాట్లాడినట్టుగా వస్తాయి.

సైమల్‌కాస్ట్ ఉంటే యూనిడెన్ కంపెనీ ఎస్‌డీఎస్100, చేతిలో పట్టుకునేది, లేదా ఎస్‌డీఎస్200, బల్ల మీద పెట్టుకునేది. ఎస్‌డీఎస్100 2018లో వచ్చింది, లోపలి రిసీవర్ పద్ధతే వేరు, అందుకే ఈ జబ్బు దానికి చాలావరకు తగలదు. ధర సుమారు 700 డాలర్లు. సైమల్‌కాస్ట్ లేని సైట్ పరిధిలో ఉంటే బీసీడీ436హెచ్‌పీ చక్కగా సరిపోతుంది, వాడినది దొరికితే ఇంకా మేలు. బీసీడీ325పీ2 కూడా పీ25 వింటుంది కానీ దాంట్లో సిస్టమ్, సైట్, గ్రూపు, నంబరు అన్నీ చేత్తో ఎక్కించాలి. అలాంటి పని ఇష్టమైతే సరే, నాకు ఓపిక లేదు.

ఏది కొన్నా పెట్టె విప్పగానే మొదట ఎన్‌ఓఏఏ వాతావరణ ఛానెళ్లు పెట్టి చూడండి, 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఉంటాయి, రోజంతా ఆగకుండా మాట్లాడతాయి. కొలంబస్‌లో 162.550. అది వినిపిస్తే స్కానర్, స్పీకర్, యాంటెన్నా బతికే ఉన్నట్టు. ఇకమీద ఏదైనా వినపడకపోతే తప్పు ప్రోగ్రామింగ్‌లోనో సిగ్నల్‌లోనో ఉందని ధైర్యంగా అనుకోవచ్చు.

అసలు ప్రోగ్రామింగ్

జిప్ కోడ్ కొడితే చాలు, స్కానర్ అన్నీ తనే చూసుకుంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. అబద్ధం కాదు, జిప్ కొట్టగానే మాటలు మొదలవుతాయి కూడా. కానీ చుట్టుపక్కల ఫైర్, అంబులెన్స్, స్కూలు బస్సులు, రోడ్లమీద ఉప్పు చల్లే ట్రక్కులు అన్నీ కలిసి పెళ్లి విందులా అయిపోతుంది, మీకు కావలసిన డిస్పాచ్ వంతు వచ్చేసరికి అక్కడ మాట అయిపోయి ఉంటుంది. మొదటిరోజు సరదాకి జిప్ వాడండి. రెండోరోజు నుంచి ఫేవరెట్స్ లిస్ట్ చేసుకోండి.

దానికి విండోస్ కంప్యూటర్ కావాలి. యూనిడెన్ వాళ్ల సెంటినెల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. స్కానర్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపితే ఏ మోడ్ కావాలని అడుగుతుంది, మాస్ స్టోరేజ్ ఎంచుకోండి. ఇక్కడ చాలామంది తికమకపడి సాఫ్ట్‌వేర్‌కి స్కానర్ కనపడట్లేదని టెన్షన్ పడతారు. సగం కేసుల్లో వైరు కేవలం ఛార్జింగ్ వైరు, డేటా వెళ్లదు. పెట్టెలో వచ్చిన వైరే వాడండి.

ముందు అప్‌డేట్ మెనూలో డేటాబేస్, ఆ తర్వాత ఫర్మ్‌వేర్, అంటే స్కానర్‌ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయండి. డేటాబేస్ వారానికోసారి కొత్తది వస్తుంది. ఆ తర్వాత కొత్త ఫేవరెట్స్ లిస్ట్ తెరిచి దానికి ఒక పేరు పెట్టండి, నాది "హైవే".

ఇప్పుడు ఎడమవైపు డేటాబేస్ చెట్టులో అమెరికా, ఒహైయో, రాష్ట్రవ్యాప్త సిస్టమ్‌లు, మార్క్స్ అలా దిగండి. అందరూ చేసే తప్పు ఇక్కడే. సిస్టమ్ మొత్తాన్ని పట్టుకుని లిస్ట్‌లో పడేస్తారు. మార్క్స్‌కి రాష్ట్రమంతటా వందల టవర్లు, వేల టాక్‌గ్రూపులు ఉన్నాయి. అదంతా వేస్తే మీ స్కానర్ క్లీవ్‌లాండ్ టవర్ వినపడుతుందా, టొలీడో టవర్ వినపడుతుందా అని ఒక్కొక్క తలుపూ తడుతూ తిరుగుతుంది, ఈలోపు మీ ఇంటి పక్క టవర్ మీద కథ అంతా నడిచిపోతుంది.

టవర్లు మీ కౌంటీవి ఒకటి, పక్క కౌంటీవి ఒకటి రెండు, అంతకుమించి వద్దు. కౌంటీ పేరుతో ఉన్న సైట్‌ని లిస్ట్‌కి కలిపి మిగతావి తీసేయండి. ఫ్రీక్వెన్సీలు వాటంతట అవే వస్తాయి. చేత్తో ఎక్కించేవాళ్లు కంట్రోల్ ఛానెల్‌గా గుర్తుపెట్టినవి మాత్రం వేస్తే చాలు, పీ25లో మాటల ఫ్రీక్వెన్సీలు కంట్రోల్ ఛానెలే చెబుతుంది. కానీ ప్రత్యామ్నాయ కంట్రోల్ ఛానెళ్లన్నీ వేయండి, ఒక్కటే వేస్తే అది మారిన రోజు స్కానర్ మొద్దులా కూర్చుంటుంది.

టాక్‌గ్రూపుల్లో హైవే పట్రోల్ డిపార్ట్‌మెంట్ తెరిచి మీ పోస్టు డిస్పాచ్, పక్క పోస్టు డిస్పాచ్, ఇంకా జిల్లా స్థాయిది ఏదైనా ఉంటే అది. లా డిస్పాచ్ అని సర్వీస్ టైప్ రాసి ఉన్నవి మొదట. లా టాక్, లా టాక్టికల్ లాంటివి తర్వాత కావాలంటే కలుపుకోవచ్చు. మొత్తం పది దాటకుండా మొదలుపెట్టండి.

సిస్టమ్ ఆప్షన్లలో ఐడీ స్కాన్, ఐడీ సెర్చ్ అని రెండు ఉంటాయి. స్కాన్ అంటే మీరు వేసిన గ్రూపులే, సెర్చ్ అంటే ఆ టవర్ మీద నడిచేదల్లా. నేను ఒక వారం సెర్చ్‌లో పెట్టి ఏ నంబర్లు ఎక్కువ పలుకుతున్నాయో రాసుకుని, తర్వాత స్కాన్‌కి మార్చాను. అలా చేస్తే మీ ప్రాంతం అలవాట్లు తెలుస్తాయి. లిస్ట్‌కి లొకేషన్ కంట్రోల్ ఆఫ్ చేయండి, లేకపోతే మీరు ఆ ప్రాంతంలో లేరనుకుని స్కానర్ దాన్ని దాటవేయొచ్చు. లిస్ట్‌ని ఒక్క నొక్కుతో ఆన్, ఆఫ్ చేసే క్విక్ కీ నంబరు ఒకటి ఇవ్వండి. డౌన్‌లోడ్, మానిటర్ అనే రెండు గడులూ ఆన్‌లో ఉన్నాయో చూసి, రైట్ టు స్కానర్ (Write to Scanner) కొట్టండి.

వైరు తీశాక స్కానర్ మెనూలో స్కాన్ సెలెక్షన్‌లోకి వెళ్లి ఫుల్ డేటాబేస్ ఆఫ్, మీ లిస్ట్ ఆన్. ఈ ఒక్క పని మరచిపోయి, ఇంత చేసినా మళ్లీ ఉప్పు ట్రక్కులే వస్తున్నాయేంటని నేనే ఒక రాత్రంతా తల గోక్కున్నాను.

వినపడటం లేదా?

మొదట సైట్ మీద హోల్డ్ పెట్టి చూడండి. సైట్ పేరు నిలకడగా ఉండి గీతలు కనిపిస్తే మైకు వినపడుతున్నట్టే, ఓపిక పట్టండి, రాత్రి రెండింటికి ఎవరూ మాట్లాడకపోవడం సహజం. సైటే దొరకకపోతే సిగ్నల్ సమస్య. మనవాళ్ల ఇళ్లలో ఆఫీసు గది బేస్‌మెంట్‌లోనే ఉంటుంది, 800 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అది పాతాళం. పై అంతస్తు కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. స్కానర్‌తో వచ్చే పొడుగు యాంటెన్నా కంటే 800కి తగిన పొట్టిది మేలు, ఈ బ్యాండ్‌లో పావు తరంగం పొడవు సుమారు 9 సెంటీమీటర్లే.

గీతలు నిండుగా ఉండి మాట ముక్కలవుతుంటే సైమల్‌కాస్ట్ జబ్బు. ఇక్కడ పెద్ద యాంటెన్నా పెడితే రోగం ముదురుతుంది, ఎందుకంటే ఇంకా ఎక్కువ టవర్లు వినపడతాయి. ఉల్టా చేయాలి: సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ ఆన్ చేయండి, లేదా స్కానర్‌ని ఇంటికి ఒక పక్కకి జరిపి మిగతా టవర్లకి గోడలు అడ్డం వచ్చేలా చూడండి, లేదా ఒకే టవర్ వైపు తిప్పిన యాగీ యాంటెన్నా వాడండి. మా ఇంట్లో వంటగదిలో ఫ్రిజ్ పక్కన బాగా వచ్చేది, ఎందుకో అడక్కండి. ఎస్‌డీఎస్ ఉన్నవాళ్లు ఫిల్టర్ సెట్టింగులు ఒక్కోటి మార్చి చూడండి.

మూడోది ఎవరూ చెప్పరు. టవర్ బ్రహ్మాండంగా వస్తోంది, మీ పక్క కౌంటీ పోస్టు గ్రూపు కూడా వేశారు, అయినా అది మాత్రం ఎప్పుడూ పలకదు. కారణం ఏంటంటే, ఏ టవర్ పరిధిలో ఆ గ్రూపు మీద ఉన్న రేడియో ఒక్కటైనా ఉంటేనే ఆ టవర్ ఆ మాటల్ని మోస్తుంది. ఎక్కేవాడు లేని స్టాండుకి బస్సు రాదు. పక్క కౌంటీ ట్రూపర్, అంటే హైవే పట్రోల్ పోలీసు, మీ వైపు వచ్చినప్పుడు హఠాత్తుగా ఆ గ్రూపు మీకు వినిపిస్తుంది, అతను వెళ్లిపోగానే ఆగిపోతుంది. అది కావాలంటే ఆ కౌంటీ టవర్‌నే పట్టుకోవాలి, వేరే దారి లేదు.

డబ్బు తక్కువగా పెట్టాలంటే

మనలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే కదా, ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది. 30, 40 డాలర్లకి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ రేడియో డాంగిల్ కొని ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పీ25 వినొచ్చు. విండోస్‌లో జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో డ్రైవర్ మార్చాలి. గొంతు విప్పే జేఎంబీఈ లైబ్రరీ పేటెంట్ల గొడవ వల్ల దాంతో పాటు రాదు, ప్రోగ్రామ్‌లోనే బటన్ నొక్కి తయారుచేసుకోవాలి. ఛానెల్ పెట్టేటప్పుడు పీ25 ఫేజ్ 1 ఎంచుకుని కంట్రోల్ ఛానెల్ ఫ్రీక్వెన్సీ ఇవ్వండి, మాడ్యులేషన్ దగ్గర సైమల్‌కాస్ట్ అని ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఉంటుంది, మీ సైట్‌ని బట్టి అది నొక్కండి. ఒక డాంగిల్ ఒకేసారి సుమారు 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పే చూడగలదు, సైట్ ఫ్రీక్వెన్సీలు అంతకంటే దూరంగా పరుచుకుని ఉంటే రెండో డాంగిల్ కావాలి. సైమల్‌కాస్ట్ విషయంలో ఇది కొన్ని పాత స్కానర్ల కంటే నయం. కారులో పెట్టుకోలేరు, అదొక్కటే.

అసలు ఏమీ కొనకుండా బ్రాడ్‌కాస్టిఫై వెబ్‌సైట్‌లో వినొచ్చు, ఎవరో ఒకరు తమ స్కానర్‌ని నెట్‌లో పెట్టి ఉంటే. కొంచెం ఆలస్యంగా వస్తుంది. కొనేముందు ఒక వారం ఇలా విని చూస్తే అసలు మీకు ఇది నచ్చుతుందో లేదో తేలిపోతుంది.

చట్టం, ముఖ్యంగా కారు సంగతి

అందరికీ వినపడేలా ఓపెన్‌గా వెళ్లే పోలీసు సంభాషణ వినడాన్ని ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది. విన్నదాన్ని సొంత లాభానికో నేరానికో వాడితే వేరే కథ. రాష్ట్రాల దగ్గరికొస్తే కారు విషయంలో తేడాలున్నాయి. కెంటకీ, ఇండియానా, మిన్నెసోటా, ఫ్లోరిడా, న్యూయార్క్‌లలో పోలీసు రేడియో వినే పరికరం కారులో పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. సిన్సినాటివాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, మీ విమానాశ్రయం పేరుకే సిన్సినాటి, ఉన్నది కెంటకీలో. అత్తమామలని తీసుకురావడానికి వెళ్లేటప్పుడు స్కానర్ ఇంట్లో పెట్టి వెళ్లండి.

హామ్, అంటే సరదా రేడియో, లైసెన్సు ఉన్నవాళ్లకి ఆ రాష్ట్రాల్లో చాలావాటిలో మినహాయింపు ఉంది. అందులో మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్ష 35 ప్రశ్నలు, 26 వస్తే పాస్, మోర్స్ కోడ్ అక్కర్లేదు. పౌరసత్వం అడగరు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ రాయొచ్చు. ఇక ఇండియాకి మాత్రం ఈ డబ్బా సూట్‌కేసులో వేసుకెళ్లొద్దు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేకుండా ఇలాంటి పరికరాలు దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం. ఊళ్లో ఎస్సైగారి జీపులో సెట్ గరగరలాడుతుంటే దూరం నుంచి విన్న సరదా అక్కడితో సరి.

వినడం మొదలుపెట్టాక

మొదటి వారం ఏమీ అర్థం కాదు. భాష సమస్య కాదు అది, వాళ్లు మైలురాయి నంబర్లు, యూనిట్ నంబర్లు, కోడ్‌లు గబగబా చెబుతారు. పక్కన కాగితం పెట్టుకుని ఐ-71 మీద మీ ఊరి ఎగ్జిట్‌ల మైలు నంబర్లు రాసుకోండి, సగం అర్థమైపోతుంది. టెన్ కోడ్‌లు (టెన్-ఫోర్ లాంటి పొట్టి సంకేతాలు) ఒక ఏజెన్సీకీ ఇంకో ఏజెన్సీకీ మారతాయి, కాబట్టి ఏదో ఒక పట్టిక బట్టీ కొట్టడం కంటే సందర్భం నుంచి పట్టుకోవడం నయం. ఎక్కువ భాగం చప్పగా ఉంటుంది: పాడైన కారు, రోడ్డు మీద జింక, లైసెన్సు చెక్. మనుషుల పేర్లు, పుట్టినతేదీలు, నంబరు ప్లేట్లు వినపడతాయి. వాటిని వాట్సాప్‌లో పెట్టకండి. మనవాళ్ల గ్రూపుకి కావలసింది ఫలానా ఎగ్జిట్ దగ్గర దారి మూసేశారు అన్న ముక్క ఒక్కటే.

చివరగా ఒక చిన్న మెలిక. సెంటినెల్‌లో డేటాబేస్ అప్‌డేట్ చేస్తే మీ ఫేవరెట్స్ లిస్ట్ అప్‌డేట్ కాదు, అది మీరు ఆ రోజు తీసుకున్న కాపీ. కంట్రోల్ ఛానెల్ మారినా, కొత్త టవర్ లేచినా లిస్ట్‌కి తెలియదు. నేను ఏటా థ్యాంక్స్ గివింగ్ సెలవుల్లో, మంచు మొదలవకముందే, పాత లిస్ట్ పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి కొత్తది కడతాను, ఇప్పుడు ఇరవై నిమిషాల పని.